పసుపు చీటీల మీద గొణిగేవాడు

కొత్త కామిక్స్ చేతికొస్తే భార్గవికి తిండి ధ్యాస ఉండదు. ఈ కాకినాడ పిల్ల కోకాపేటలో సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం చేస్తుంది. తప్పు పట్టడమే పని. ఆ చూపును ఆఫీసులో వదిలేసి రాదు, మణికొండలో అద్దెకున్న ఇంటిదాకా వెంట తెచ్చుకుంటుంది. కొన్న ప్రతి పుస్తకంలోనూ పసుపు చీటీలు అతికించి, వాటి మీద తన అభిప్రాయం రాస్తుంది.

ఈ మధ్య వచ్చిన దేవుళ్ళ కామిక్స్‌కు, "అందరూ ఒకే జిమ్ముకు వెళ్ళొచ్చినట్టున్నారు. ముసలి ఋషికి ఆ కండలేంటి?" అని రాసింది. మెరిసే కాగితం మీద అచ్చేసిన సూపర్‌హీరో కథకు, "పుస్తకమంతా కొట్లాటే. ఈయన అన్నమెప్పుడు తింటాడు?" అని అంటించింది. కామిక్స్ గ్రూపులో పెట్టిన ఆ చీటీల ఫొటోలు చూసి తోటి అభిమానులు పడీపడీ నవ్వేవారు. గీసినవాళ్ళు ఎక్కడో ఉంటారు కదా, ఎవరు నొచ్చుకున్నదీ ఆమెకు తెలిసేది కాదు.

ఈసారి గీసింది మాత్రం ఆఫీసులో పక్క సీటు రసజ్ఞ. కర్నూలు పిల్ల. సెలవులన్నీ ధారపోసి 'ట్యాంకర్ మల్లక్క' మొదటి భాగం సొంతంగా అచ్చు వేయించింది. మల్లక్క నీళ్ళ ట్యాంకర్ నడుపుతుంది. నేలకు చెవి ఆనిస్తే చాలు, లోపల నీళ్ళు ఎక్కడ పారుతున్నాయో వినబడుతుంది. చివరి పేజీలో ఆ చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోతుంది.

భార్గవి అలవాటు చొప్పున ఆ పుస్తకాన్నీ చీటీలతో నింపి, చూడమని రసజ్ఞకు ఇచ్చింది. "చెయ్యి పొడుగైంది." "ట్యాంకర్‌కు అద్దాలేవి?" "ఈ నవ్వు అతికినట్టుంది."

మర్నాడు రసజ్ఞ పుస్తకం తిరిగిచ్చేసింది. "రెండో భాగం గీసేది లేదులేబ్బా. నాకు చేతనయ్యే పని కాదిది."

ఏం చెప్పినా ఓదార్పులాగే ఉంటుందని, భార్గవి పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చేసింది.

ఆ ఆదివారం ఇంటి ఓనరు పుణ్యవతమ్మ వేడి వేడి సర్వపిండి పట్టుకొచ్చింది. బల్ల మీదున్న మల్లక్కను చూసి, అక్కడే కూలబడి, కూడబలుక్కుంటూ ఆఖరిదాకా చదివింది.

"మంచిగనే ఉన్నది గానీ బిడ్డా, ఈ పసుపు కాయితాల మీద గునిగేటోడు ఎవడు? బొమ్మల కనవడడు, ప్రతి పేజీల మల్లక్కను సతాయిస్తుండు. మొగుడా?"

భార్గవికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. "నేనేనండీ, ఆంటీ! గీసింది మా ఆఫీసు పిల్ల."

"నువ్వా? నీకేం చేసిందమ్మా ఆమె? సరే గానీ, నీళ్లు ఏమైనయ్? రాసిన పిల్లకు ఫోన్ కలుపు, నేనే అడుగుత."

వద్దన్నా వినలేదు. భార్గవి స్పీకర్ పెట్టి కలిపింది. రసజ్ఞ ఫోనెత్తగానే పుణ్యవతమ్మ అందుకుంది. "గా గునిగేటోని సంగతి మాకెందుకు గానీ, నీళ్లు దొరికినయా లేదా?"

ఆ గొణిగేవాడంటే భార్గవి చీటీలేనని తెలిశాక అవతలి నుంచి సన్నగా నవ్వు వినిపించింది. భార్గవి గబుక్కున ఫోన్ లాక్కుంది.

"ఒసే, నేను మూడుసార్లు చదివానే. చప్పుడు ఆగిపోయిన పేజీ దగ్గర నేనూ నేలకు చెవి పెట్టి చూశాను. అది చీటీ మీద రాయలేదు. బాగున్నదాన్ని రాసే అలవాటు నాకు లేదు."

"నిజంగా పెట్టినావా?"

"ఒట్టు. టైల్స్ చల్లగా తగిలాయి, అంతే."

రసజ్ఞ ఈసారి పుణ్యవతమ్మను అడిగింది. "ఆంటీ, ఆ గునిగేవాన్ని గూడా ట్యాంకర్ ఎక్కిద్దామా?"

"ఎక్కించు. నీళ్లు మోస్తే వానికే తెలుస్తది!"

సోమవారం భార్గవి సీటు మీద ఒక పెన్సిల్ బొమ్మ ఉంది. స్టీరింగ్ దగ్గర మల్లక్క, పక్కన మూతి ముడుచుకున్న పసుపు చొక్కా మనిషి. భార్గవి చాలాసేపు చూసి, ఒక చీటీ చింపి అంటించింది.

"ట్యాంకర్‌కు అద్దాలొచ్చాయి. చాలా బాగుంది."