దొరసాని గౌనూ వంకాయరంగు కోట్లూ

డెబ్బైల చివర్లో మేము ఎమ్మిగనూరులో ఉండేవాళ్లం. మా ఆయన ఆఫీసులో ఏటా ఒక నాటకం వేసేవాళ్లు. ఆ ఏడు అక్కడి గుమాస్తా ఒకాయన తెల్లదొరల కాలం నాటి హాస్య నాటకం రాశాడు. బంగళాలో దొరసాని ముత్యాలహారం పోతుంది. ఆ చోట ఒక ఇత్తడి గుండీ దొరుకుతుంది. ఎవరి కోటుకు గుండీ ఊడిందో వాడే దొంగ. చివరికి ఇన్‌స్పెక్టరు బట్లరును పట్టుకుంటాడు. దొరసాని వేషం మా ఆయనది. ఇంట్లో కుట్టుమిషను ఉంది కాబట్టి దుస్తులన్నీ నా నెత్తిన పడ్డాయి.

దొరసానిని నేనెప్పుడు చూశాను? మా ఇంట్లో పాత బిస్కెట్ల డబ్బా మీద ఒక బొమ్మ ఉండేది. పైన చీమ నడుము, కింద గోపురమంత గౌను. అంత గౌను నిలబడాలంటే లోపల ఏదో ఉండాలి. మేదరవాళ్ల ఇంటికి పోయి, పైన సన్నగా, కింద వెడల్పుగా, అడుగు లేకుండా ఒక గంప అల్లిమ్మన్నాను.

"అడుగు లేకుంటే కోళ్లు యాడ నిలుస్తాయమ్మా?" అంది అల్లే ఆమె.

"కోళ్లకు కాదక్కా, మా ఇంటాయనకు."

ఆమె చేతిలో కత్తి కింద పెట్టి, నన్ను ఎగాదిగా చూసింది. "పాపం, ఏం తప్పు సేసినాడమ్మా?"

గంప మీద మగ్గం దుప్పట్లతో గౌను కుట్టాను. మా ఆయన మీసం తీయనని మొండికేశాడు. దోమతెర కత్తిరించి ముఖానికి ముసుగు వేశాను. ఇన్‌స్పెక్టరుకూ బట్లరుకూ కోట్ల కోసం ఆదోని పోయి, పెళ్లిళ్లకు వాయించే బ్యాండువాళ్ల పాత ఎర్రకోట్లు రెండు తెచ్చాను. నల్లరంగు వేయమని అద్దకం ఆయనకిస్తే, నిగనిగలాడే వంకాయరంగులో తిరిగొచ్చాయి.

నాటకం రాసినాయన లబోదిబోమన్నాడు. "ఇన్‌స్పెక్టరు ఈ రంగు ఏసుకుంటాడా అమ్మా?"

"దొరల కాలంలో ఏసుకునేవాళ్లు," అన్నాను ధీమాగా.

"మీరు సూసినారా?"

"మీరు సూసినారా?"

బట్లరు కోటుకు మూడో గుండీ నేనే కత్తిరించి, దొరికే గుండీగా రాసినాయన చేతిలో పెట్టాను.

నాటకం రోజు సాయంత్రం దొరసాని తలుపులో పట్టలేదు. ఇద్దరు పట్టుకుని అడ్డంగా వంచి బయటికి లాగారు. నేను ముందు వరసలో ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను. తెర వెనక ఇంకో సంగతి జరిగిందని నాకు తెలియదు. ఇన్‌స్పెక్టరు వేషగాడి పొట్ట మీద కోటు మూసుకోలేదట. బట్లరు కోటు కాస్త వదులు. ఇద్దరూ మార్చుకున్నారు.

ఆఖరి ఘట్టంలో ఇన్‌స్పెక్టరు రొమ్ము విరుచుకుని గుండీ పైకెత్తాడు. "ఈ గుండీ ఎవరి కోటుదో, వాడే దొంగ!"

ఆయన పొట్ట మీద గుండీ లేనిచోట తెల్లబనీను తొంగిచూస్తోంది.

"అన్నా, అది నీదేనప్పా!" అని జనంలోంచి ఎవరో అరిచారు.

ఇన్‌స్పెక్టరు వంగి తన పొట్ట చూసుకున్నాడు. బట్లరును చూశాడు. వాడి గుండీలన్నీ భద్రంగా ఉన్నాయి.

అప్పుడు మా ఆయన దోమతెర ఎత్తేశాడు. మీసం మెలేసి, "ఓరి దొంగా! నా హారం యాడ పెట్టినావురా?" అని గర్జించాడు.

ఇన్‌స్పెక్టరు ఏం తోచక పరుగు అందుకున్నాడు. వెనకే దొరసాని. గంప గంటలా అటూ ఇటూ ఊగుతుంటే, కింద మా ఆయన పంచె కనిపిస్తోంది. బట్లరే పోయి ఇన్‌స్పెక్టరును పట్టుకున్నాడు. జనం ఈలలు వేశారు. పక్కనున్నావిడ నవ్వలేక నా భుజం మీద వాలిపోయింది. నాకూ కళ్లనీళ్లు ఆగలేదు.

రాసినాయన అలిగి, మా కోసం ఆగకుండా ఇంటికి పోయాడు. తర్వాత కొన్నాళ్లకు ఆదోని నుంచి పిలుపొచ్చింది. నాటకం అక్కడా వేయాలట, కానీ ఇన్‌స్పెక్టరే దొంగ కావాలట. ఆయన మా అరుగు మీద కూర్చుని చివరి ఘట్టం తిరగరాశాడు. నాకు చదివి వినిపించబోయి, రెండో మాటకే నవ్వు ఆపుకోలేక కాగితాలు మా ఆయన చేతికిచ్చేశాడు.