ఒక్క రోజు ఆఫ్ కోసం రాసిన చీటీ

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. ఉదయగిరిలో కొయ్య గరిటెలు చేసే షెడ్డులో నేను గరిటెలకు ఉప్పుకాగితం పట్టి నునుపు చేస్తాను. నా పక్కన పనిచేసే అమ్మాయి మధ్యాహ్నం అన్నం తిన్నాక, పనికిరాని చెక్క మీద పెన్సిలుతో రాసి నేర్పేది. రెండేళ్లు పట్టింది. బస్సు బోర్డు చదవగలిగాను, నా సంతకం నేను పెట్టగలిగాను. ఇంకొకరికి ఏదైనా రాయాల్సిన పని మాత్రం చాలాకాలం రాలేదు. అది మా అబ్బాయి ఉద్యోగం వల్ల వచ్చింది.

వాడు కానిస్టేబులు. ఏ స్టేషనో రాయను. మా ఊరి నుంచి వెళ్లాలంటే ఆత్మకూరులో బస్సు మారి ఇంకో రెండు గంటలు పోవాలి. మా ఆయన అదే షెడ్డులో గరిటెలు చెక్కేవాడు. మాకు పొద్దుపోయేదాకా పని ఉంటే కూలి ఎక్కువ ఇస్తారు. మా వాడికి అలా లేదు. ఎనిమిది గంటలు నిలబడినా, ఇరవై గంటలు నిలబడినా ఒకటే జీతం. దానికి బదులు తర్వాత ఆఫ్ ఇస్తామంటారు.

ఆ మాట నాకు బాగా నచ్చింది. నేను పుట్టింది వరికుంటపాడు వైపు. చిన్నప్పుడు మేం పొలం పనులకు బదులు పోయేవాళ్లం. ఇవాళ నేను వాళ్ల చేలో కలుపు తీస్తే, రేపు వాళ్లు మా చేలోకి వస్తారు. ఎవరూ రాసుకోరు, ఎవరూ ఎగ్గొట్టరు. పోలీసు సార్లు కూడా రోజుకు రోజు అలాగే తిరిగి ఇచ్చేస్తారనుకున్నాను. వాడు ఫోనులో విసుక్కున్నప్పుడల్లా, ఇస్తారులే అని నేనే సర్దిచెప్పేదాన్ని.

ఆ ఏడు ఎన్నికలు వచ్చాయి. అవి అయ్యాక ఓట్ల లెక్కింపు, ఆ వెంటనే ఏదో జాతర, జాతర అయ్యీ అవ్వకముందే ఒక మంత్రి రాక. రెండు నెలలకు పైగా వాడు ఇంటి ముఖం చూడలేదు. ఆఫ్ అడిగితే మనుషులు లేరన్నాడట ఎస్సై. అది అబద్ధం కాదు, ఉండాల్సిన వాళ్లలో సగం మందే ఉన్నారని వాడే చెప్పాడు. అలసిపోయానంటే అది కారణం కిందికి రాదట. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేయాలి, లేకపోతే ఎవరైనా పోవాలి. తనతో పనిచేసే ఒకతను వాళ్ల అవ్వను ఇప్పటికి రెండుసార్లు చంపాడని చెప్పి నవ్వాడు. ఆ వెంటనే నాకు ఒక పని చెప్పాడు.

"మా, నువ్వొక చీటీ రాయి. నాయనకు ఆయాసం ఎక్కువైందని రాసి ఫోటో తీసి పంపు. నీ వంకర అక్షరాలు చూస్తే సారు కాదనలేడు."

మా ఆయన పక్కనే ఉండి విన్నాడు. "రాయవే. నన్నేం చంపమనలేదు గదా" అన్నాడు.

నాలుగు వరుసలు రాయడానికి నాకు ఒక పూట పట్టింది. ఆ రోజు నాకు సిగ్గేమీ అనిపించలేదు, గర్వంగా ఉండింది. నా రాత ఒక స్టేషనులో, ఒక అధికారి చేతిలో చెల్లిందని షెడ్డులో నలుగురికి చెప్పుకున్నాను కూడా.

ఒక్క రోజు ఇచ్చారు. వాడు పొద్దున బస్సు దిగి, రెండు ముద్దలు తిని, చాప మీద పడి నిద్రపోయాడు. మా ఆయన పని ఇంటికి తెచ్చుకున్నాడు గానీ, చప్పుడవుతుందని ఉలి ముట్టలేదు. గడపలో కూర్చుని కొడుకు వైపు చూసుకుంటూ గరిటెలు రుద్దుతున్నాడు. వచ్చిన కోడినల్లా చేత్తో అదిలిస్తున్నాడు. అంతలో వాడితో పనిచేసే ఇంకో కానిస్టేబులు, అనంతసాగరం వైపు అబ్బాయి, ఏదో సమన్లు ఇవ్వడానికి ఉదయగిరి వచ్చి, మా ఆయనను పరామర్శించడానికి కమలాపళ్లు పట్టుకుని వచ్చాడు. జీపు చప్పుడు వినగానే మా ఆయన మంచమెక్కి, దుప్పటి కప్పుకుని మూలగడం మొదలుపెట్టాడు. ఆ అబ్బాయి ఆయన మీసాల మీది చెక్కపొట్టు చూశాడు.

"ఏం మామా, ఆయాసంలో గూడా గరిటెలు రుద్దతా ఉండావా?"

"రుద్దకపోతే ఆయాసం ఎక్కువైతాది రా అల్లుడా" అంటూ ఈయన లేచి కూర్చున్నాడు.

ముగ్గురం నవ్వుకున్నాం. పళ్లు మేమే ఒలుచుకుని తిన్నాం. మా వాడు లేవలేదు. సాయంత్రం బస్సుకు నేనే తట్టి లేపాల్సి వచ్చింది.

ఆ అబ్బాయి చెడ్డవాడు కాదు. స్టేషనులో నవ్వుకోవడానికి చెప్పాడు. ఆ నవ్వు అలా అలా ఎస్సై దాకా పోయింది.

నాలుగు నెలల తర్వాత, వానల్లో, మా ఆయనకు నిజంగానే ఆయాసం వచ్చింది. నాలుగు అడుగులు వేస్తే కూర్చునేవాడు. రెండో రోజు పెదవులు నల్లబడ్డాయి. ఆటోలో ఆత్మకూరు తీసుకుపోయాను. డాక్టరు చూసి సూదివేసి, గుండె నీరసించింది, ఆలస్యం చేయకుండా నెల్లూరు తీసుకుపొమ్మన్నాడు. అబ్బాయికి ఫోను చేశాను. ఈసారి చీటీ రాయలేదు. నిజం చెప్పడానికి చీటీ ఎందుకనుకున్నాను.

వాడు పోయి అడిగితే ఎస్సై, "మళ్లీ మీ నాయనేనా? ఈసారి ఎన్ని గరిటెలు చేసినాడు?" అన్నాడట. అక్కడున్న వాళ్లంతా నవ్వారట. మర్నాడు ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని బందోబస్తు పడింది, అది ముగిశాక పొమ్మన్నాడట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం రేపు మధ్యాహ్నానికి వచ్చేస్తానని ఒక్క మాటే చెప్పాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని మా ఆయన నెల్లూరుకు కదలనన్నాడు. నేను బతిమాలాను, కోప్పడ్డాను. ఆటో అతను కూడా చెప్పిచూశాడు.

"వాడొచ్చినాక పోదాం. వాడి బస్సు ఎట్లాగూ ఈడనే ఆగతాది గదా" అన్నాడు.

నేను గట్టిగా పట్టుబట్టి ఉండాల్సింది. పట్టుబట్టలేదు. నాకూ వాడు పక్కన ఉంటే బాగుండుననే ఉండింది. మర్నాడు పొద్దున పది గంటలకు ఆ ఆత్మకూరు ఆసుపత్రిలోనే ఆయన పోయాడు. వాడు బస్సు దిగేసరికి పన్నెండు దాటింది. యూనిఫారం మీదే వచ్చాడు. చొక్కా వెనకంతా చెమటకు తడిసి ఉంది. నాయన కాళ్ల దగ్గర నిలబడి, నెల్లూరు ఎందుకు తీసుకుపోలేదని నన్ను అడిగాడు. నువ్వు వస్తావని ఆగాడురా అని చెప్పలేకపోయాను. పక్కనే ఉన్న ఆటో అతను చెప్పేశాడు.

ఆయన పోయిన మూడో రోజు, చిన్నదినం నాడు, ఎస్సై మా ఇంటికి వచ్చాడు. మా వాడికన్నా నాలుగైదేళ్లు పెద్దవాడు, అంతే. బల్ల మీద కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మా, నేను నమ్మలేదు" అన్నాడు.

"నమ్మకుండా చేసింది మేమే సార్" అన్నాను.

ఆయన తల దించుకున్నాడు. తన పిల్లలను చూసి తనకూ నెలన్నర అయిందని మెల్లగా అన్నాడు. అది తప్పించుకోవడానికి అన్న మాటలా నాకు అనిపించలేదు. తర్వాత మా వాడి వైపు తిరిగాడు.

"నీకు రావాల్సిన ఆఫ్‌లన్నీ ఒక కాగితం మీద రాసియ్యి. సంతకం పెడతాను. కారణం ఏమీ రాయొద్దు."

మా వాడు అప్పుడే స్నానం చేసి వచ్చాడు, గుండు మీది నీళ్లు భుజాల మీదికి కారుతున్నాయి. చేతులు రెండూ పక్కలకు ఆనించి నిటారుగా నిలబడ్డాడు.

"పెద్దదినం అయినాక వస్తాను సార్. వచ్చిన రోజు నాకేం డ్యూటీ?"

ఎస్సై వాకిట్లోకి దిగాడు. చావు ఇంటి నుంచి పోతూ వెళ్లొస్తానని అనకూడదు కాబట్టి, ఏమీ అనకుండానే జీపెక్కాడు. వాడు తడి పంచెతో అలాగే నిలబడ్డాడు.

ఆ కాగితం వాడు ఇంతవరకు రాయలేదు. రాయమని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.