కుజుని మీదికి రాకెట్ పోయిన మంగళవారం

నా చిన్నప్పుడు మా పక్కింటి అక్క చెప్పిందంటే ఇగ దానికి తిరుగు లేదు. మాది ఎల్లారెడ్డి. అక్క రోజూ బస్సుల కామారెడ్డికి పోయి డిగ్రీ చదివేది. అంగారకుని మీదికి మనోళ్లు యంత్రాన్ని పంపుతున్నరని పేపర్ల పడ్డది మొదలు, సాయంత్రం బస్సు దిగంగనే నన్ను అరుగు మీద కూసోబెట్టుకొని అదే ముచ్చట. అండ్ల మనిషి ఉండడట. నెలల తరబడి ఒంటరిగ పోయి, చుట్టూ తిరుక్కుంట, అక్కడి గుట్టలూ గుంతలూ ఫోటోలు తీసి పంపుతదట.

ఆ అంగారకుని వల్లనే అక్క పెండ్లి ఆగింది. దోమకొండోళ్లు చూసిపోయినంక, జాతకంల కుజదోషం ఉన్నదని వెనకకు జరిగిండ్రు. మా అమ్మ అయ్యో అంటే అక్క నవ్వి, అది ఉత్త రాయీ మట్టీ, దానికి నా పెండ్లితోని ఏం పని అన్నది. ఆ మాట పట్టుకొని నేను బడిల ఎంతమందితోని కొట్లాడిన్నో.

రాకెట్ లేచేది మంగళవారం మధ్యాహ్నం. ఇద్దరం వాళ్లింట్ల టీవీల చూద్దామని అక్క మాటిచ్చింది. బడిల కడుపునొప్పని చెప్పి ఉరికొచ్చిన. టీవీ బందున్నది. పెరట్ల మాటలు వినబడితే పోయి చూసిన. అక్క పసుపు చీర కట్టుకొని పీట మీద కూసున్నది. పక్కన అరటిచెట్టు, దానికీ పసుపుబట్ట. దోషం పోవాలంటే ముందుగాల చెట్టుతోని పెండ్లి చేసి, ఆ చెట్టును నరికేస్తరు. అట్ల చేస్తే దోమకొండోళ్లు ఒప్పుకుంటమన్నరట. అక్క నన్ను చూసి తల దించుకున్నది.

నా ఒళ్లు మండింది. ఇన్ని దినాలు నన్ను పిచ్చిదాన్ని చేసిందనిపించింది. వాళ్ల బాపు కొడవలి పట్టి చెట్టును నరికిండు. అందరూ అన్నాలకు లేచినంక అక్క నా దగ్గరికొచ్చి, రాకెట్ పోయిందా అని మెల్లగ అడిగింది. రాయి అన్నది నువ్వే కదా అని నేను ఏడ్చిన.

"రాయే చెల్లె. భయం మా బాపుకున్నది," అన్నది.

ఆ మాట అప్పుడు నా చెవికెక్కలే. పెండ్లయి పోయేదాక అక్కతోని మాట్లాడలే. మరుసటేడు ఆ యంత్రం పంపిన ఫోటోలు పేపర్ల వచ్చినయి. ఎర్రటి నేల, గుంతలు, ఇంకేం లేదు. చూపెడదామంటే పక్కింట్ల అక్క లేదు.

చాన ఏండ్లకు నా సంబంధమప్పుడు, నా జాతకంల కూడా కుజదోషమున్నదని మా ఇంట్ల అరటిచెట్టు మాట లేచింది. ఆ ఫోటోలు చూపెట్టి కొట్లాడుదామని నోటిదాక వచ్చింది. ఆగి, మా బాపు పక్కన కూసొని, నీకు దేనికి భయమైతుంది బాపు అని అడిగిన. నీకేమన్న అయితదేమోనని బిడ్డా అని ఆయన నా చెయ్యి పట్టుకున్నడు. చెట్టు మాట మళ్ల ఎత్తలే.

అక్క మీద కోపం ఆ దినమే పోయింది. ఆమె పీట మీద కూసున్ననాడు వాళ్ల బాపును ఆ మాట అడిగే మనిషి ఆ ఇంట్ల ఒక్కరు లేకపాయె కదా అని మాత్రం ఇప్పటికీ కడుపు మండుతది.