ఒడ్డు ఇచ్చిన ఇనుము

సముద్రపు నీళ్లను పరీక్షించే ప్రయోగశాలలో ఆమె సీసాలు కడిగేది. అందరికీ సీసాలక్క. ఆమ్లంలో వారాల తరబడి నానబెట్టి, వానచినుకుకన్నా శుద్ధమైన నీళ్లతో మళ్లీ మళ్లీ కడిగేది. లోపలికి వెళ్లేముందు గాజులు, పిన్నీసులు అన్నీ తీసేయాలి. నడిసముద్రంలో ఇనుము ఎంత తక్కువంటే, నలుసంత తుప్పు పడినా లెక్క తారుమారే.

మొగుడేమో ఓడల మరమ్మతు షెడ్డులో తుప్పు గీకేవాడు. సాయంత్రం గుమ్మంలోకి వస్తుంటే, ఎర్రటి పొద్దు కాస్త చొక్కాకు అంటుకుని వచ్చినట్టుండేది. అతని బట్టలూ ఆమె కోట్లూ ఒకే తొట్టిలో పడేవి కావు.

"కాపురం ఒకటే, చాకిరేవులే రెండు" అని నవ్వేవాడు.

ఒకసారి ఆమె జ్వరంతో పడుకుంటే, సాయం చేద్దామని అన్నీ కలిపి ఉతికేశాడు. సంగతి బయటపడేసరికి, ఆ కోటు వేసుకుని ఆమె కడిగిన సీసాలు సముద్రం మీదికి వెళ్లి నిండి తిరిగొచ్చాయి. ఒడ్డుకు చాలా దూరాన, నడిలోతున తీసిన నీళ్లలో ఇనుము పొంగిపోయి కనిపించింది.

"సీసాలేమైనా..." అని ఆగిపోయింది ప్రయోగశాల నడిపే మేడమ్.

సీసాలక్క జరిగింది చెప్పేసింది. "పారబోసేయమంటారా మేడమ్?"

"అయ్యో, ఓడ మళ్లీ అంత దూరం ఎప్పుడెళ్తుందో! ఉండక్కా. అదే విడత సీసాలు మిగిలాయా?"

మిగిలాయి. వాటిలో శుద్ధమైన నీళ్లు పోసి పక్కనుంచారు. వాటిలోనూ ఇనుము తేలితే, తెచ్చిన సముద్రమంతా మోరీపాలు.

ఇంట్లో అతను కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. "నా తుప్పు సముద్రం దాకా పోయిందంటావా?"

"పోతే నువ్వే ఈదుకుంటూ వెళ్లి ఏరుకొస్తావులే" అందామె, నవ్వు రాకుండానే.

ఆమెకు కునుకు పట్టినప్పుడల్లా నీలంలో ఒక ఎర్రటి పొగ నెమ్మదిగా, దిక్కు తెలియకుండా పోతున్నట్టుండేది.

చివరికి మేడమ్ పిలిచింది. "నీ సీసాలు కడిగిన ముత్యాలక్కా. ఇనుము ఆ సముద్రపు నీళ్లదే."

"అంత దూరానికి ఎలా వచ్చింది మేడమ్?"

"ఒడ్డుకు దగ్గర్లో అడుగున బురదుంటుంది. అక్కడ గాలాడదు. ఇనుము కరిగి నీళ్లలోకి జారుతుంది. ప్రవాహం దాన్ని ఒక పొరలా మోసుకుపోతుంది."

"అయితే ఒడ్డుదేనా?"

"ఒడ్డుదే. మీ ఆయనది కాదు."

ఆమె పారబోస్తాననుకున్న సీసాను వెలుగుకెత్తి చూసింది. లోపల ఏమీ కనిపించలేదు. ఆ ఏమీలేనితనంలోనే ఒక తీరం, సూర్యుణ్ణి చూడకుండా, నిద్రలో నడిచినట్టు నడుచుకుంటూ ఇంత దూరం వచ్చింది. మూత ఇంకోసారి బిగించి, చల్లటి అరలో మిగతా సముద్రం పక్కన నిలబెట్టింది.