సీటీ రాని కుక్కర్

కరోనా రెండోసారి విజృంభించినప్పుడు నాకు జ్వరమొచ్చి, సూరత్‌లోని ఉధ్నాలో మా అద్దె ఇంటి లోపలి గదిలో తలుపేసుకుని పడుకున్నాను. మగ్గం పని తప్ప వంట తెలియని మా ఆయన మొదటిసారి కుక్కర్‌లో పప్పు పెట్టాడు. ఎంతసేపైనా కూత వినపడలేదు. పప్పు నురగ అడ్డుపడి ఆవిరి లోపలే నిండి ఉంటుందని నాకు అర్థమైంది.

“సీటీ వస్తలేదే! మూత తీసి సూస్త,” అని వంటింట్లోంచి కేకేశాడు.

వద్దని అరవబోతే దగ్గు తప్ప మాట రాలేదు. లేవబోతే కాళ్లు నిలవలేదు. చేతికందిన స్టీలు గ్లాసుతో పక్కనున్న తలుపును దబదబా బాదాను.

“ఏందే, నీళ్లు గావాల్నా?” అంటూ ఆయన తలుపు దగ్గరికొచ్చాడు. అంతలోనే వంటింట్లో ఢామ్మని శబ్దం!

“పప్పంతా ఇంటి కప్పుకు అంటిందే...” అన్నాడాయన, వంటింట్లోకి తొంగిచూసి వచ్చి.

తలుపుకు అటు ఆయన, ఇటు నేను కూలబడి ఏడ్చాం. ఒక్క మాట చెప్పలేకపోయిన ఆ క్షణం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.