అనుమానం నేర్పిన మేడమ్

మా మేడమ్ పోయారని ల్యాబు గ్రూపులో మెసేజ్ వచ్చింది. నేను నమ్మలేదు. బతికున్నవాళ్ళ ఫోటోలకి దండలేసే గ్రూపులు చాలా చూశాను. పెట్టినవాడికి ఫోన్ చేస్తే తనకి ఇంకొకరు చెప్పారన్నాడు. ఆ చెప్పినవాళ్ళకీ చేశాను. చివరికి రేపల్లెలో ఆవిడ కూతురికే చేశాను. "నిజమేనండి. నిద్రలోనే పోయింది అమ్మ" అంది ఆ అమ్మాయి. ఒక్కసారి వచ్చిన ఫలితాన్ని నమ్మొద్దని నాకు నేర్పింది ఆవిడే. ఆ చదువు ఇందుకు పనికొస్తుందనుకోలేదు.

తెనాలిలో మాది మాత్రలు పరీక్ష చేసే చిన్న ల్యాబు. నేను బాపట్ల నుంచీ ఆవిడ రేపల్లె నుంచీ రోజూ రైల్లో వచ్చేవాళ్ళం. మాత్రని కరిగించి, పంపుతో కాలమ్ అనే సన్నటి స్టీలు గొట్టంలోకి తోస్తాం. లోపల ఒక్కో పదార్థం కొంతసేపు ఆగి బయటికొస్తుంది. అది వచ్చినప్పుడల్లా కంప్యూటర్ మీద గీత చిన్న కొండలా లేస్తుంది, దాన్ని పీకు అంటాం. ఏ మందు ఎప్పుడు రావాలో ముందే తెలుసు. ఆ టైము జరిగిందా, ల్యాబులో ఒకరి మొహం ఒకరం అనుమానంగా చూసుకుంటాం.

నేను చేరిన కొత్తలో అదే జరిగింది. పొద్దున పీకులన్నీ టైముకే వచ్చేవి. భోజనాలయ్యాక ముందుకి జరిగేవి. సాయంత్రానికి మళ్ళీ సర్దుకునేవి. మందుని కాలమ్‌లోంచి తోసుకెళ్ళే ద్రావకాన్ని మొబైల్ ఫేజ్ అంటాం. దాన్ని కలిపేది నేను. అందులో మిథనాల్ ఎక్కువైతే పీకులు తొందరగా వస్తాయి. ఇంకేం కావాలి, ఇన్‌ఛార్జి సారు నన్ను లోపలికి పిలిచారు. "మధ్యాహ్నం బాటిల్ తగ్గితే ఎవరూ చూడకుండా మిథనాల్ పోసేస్తున్నావు. ఒప్పుకో. లేకపోతే సోమవారం నుంచి రావద్దు" అన్నారు. నేను చుక్క కూడా పోయలేదు. కానీ పోయలేదని ఎలా చూపించను? మా నాన్న మంచం మీద ఉన్నాడు, ఇంటికి జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చాను.

మేడమ్ ఊరడించలేదు. "ముందు పోశావో లేదో చూద్దాం రా" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ తీరే అంత. రేపల్లెలో చేపలమ్మే ఆవిడ దగ్గర రోజూ కొంటూ రోజూ చేప మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూసేవారు. "ఇన్నేళ్ళయినా నామీద నమ్మకం లేదామ్మా?" అని ఆ చేపలామె అడిగితే, "నువ్వు పాతదానివే, చేప కొత్తది కదే" అనేవారు.

ఆ రోజు సారు ఎదురుగానే బాటిల్ మూతకి టేపు వేసి, మీద సారు చేతే సంతకం పెట్టించారు. మధ్యాహ్నం పీకులు మళ్ళీ ముందుకే జరిగాయి. టేపు చెక్కుచెదరలేదు. "బాటిల్ కాదు. అయితే పంపు" అన్నారు సారు. మేడమ్ తెర మీద మొట్టమొదటి పీకు చూపించారు. కాలమ్‌లో ఎక్కడా ఆగకుండా వచ్చేసేది అది. "ఇది చోటు మారలేదు. రేపల్లె బండి లేటైతే అందులో ఉన్న అందరూ లేటే కదండీ. పంపూ అంతే."

తర్వాత నావైపు తిరిగారు. "మధ్యాహ్నం ఈ గదిలో ఏం మారుతుంది? ఎవర్నీ వదలకు. నన్నూ వదలకు."

నేను ఒక్కొక్కరి సంగతీ చెప్పాను. అటెండర్ తుడవడానికి వస్తాడు. సారు కునుకు తీస్తారు. ఆవిడ దగ్గరికొచ్చేసరికి నా నోరు ఆగింది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. చలి తగిలితే కూర్చోలేరు. భోజనమయ్యాక కాసేపు ఏసీ ఆపుకునేవారు. మాది పాత మిషన్. కాలమ్‌ని ఒకే వేడిలో ఉంచే పెట్టె ఎప్పుడో పాడైతే సారు బాగుచేయించలేదు. గది వేడెక్కితే కాలమ్ వేడెక్కుతుంది, పీకులు తొందరపడతాయి. నేను చెప్పకముందే ఆవిడ రిమోట్ వైపు చూశారు. మర్నాడు మధ్యాహ్నం ఏసీ ఆపకుండా, వణుకుతూ కూర్చుని చూశారు. ఏ పీకూ కదల్లేదు. ఆ ఫలితాన్నీ నమ్మక, తర్వాతి రోజు ఆపి చూశారు. జరిగాయి.

సారు గదిలోకి నన్ను వెంటబెట్టుకెళ్ళి, "దొంగ దొరికిందండి. నేనే. ఈ పిల్లని సోమవారం రమ్మనండి" అన్నారు. సారు క్షమించమని నన్ను అడగలేదు. ఇప్పటికీ ఆయన టీ ఇప్పిస్తే ఎందుకిప్పించారా అని చూసి తాగుతాను.

సాయంత్రం ప్లాట్‌ఫాం మీద అడిగాను, ముందు నన్నెందుకు అనుమానించారని. "మనిషిని అనడానికి నోరుంటే చాలు. అనుమానించాలంటే లేచెళ్ళి చూడాలి. నేను చూశాను, ఆయన చూడలేదు" అన్నారు. నా తరఫున ఎంతమంది మంచిమాటలు చెప్పినా, నన్ను నిలబెట్టింది ఆ అనుమానమే. ఆవిడంటే నాకు ప్రాణం. ఆ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు. అంటే ఎందుకంటున్నావని అడుగుతారు.

ఆ తర్వాత ఆవిడ ఏసీ ఆపలేదు. నీలం రంగు స్వెటర్ ఒకటి తెచ్చుకున్నారు. రిటైరయ్యేదాకా, మండే ఎండల్లో తెనాలి స్టేషన్లో స్వెటర్ చంకన పెట్టుకుని దిగేవారు. జనం వింతగా చూసేవారు. మధ్యాహ్నమవగానే దాన్ని మోకాళ్ళ మీద కప్పుకుని పీకులకేసి చూస్తూ కూర్చునేవారు.

రేపల్లె వెళ్ళాను. ముందుగదిలో ఐసు పెట్టెలో పడుకోబెట్టారు. చర్చి వాళ్ళు పాట పాడుతున్నారు. పెట్టె పక్కన చలి ఎంతో చూపించే అంకె వెలుగుతోంది. ముందు దాన్నే చూశాను, అలవాటు. అంత చలిలో ఆవిడ ఎలా ఉంటారనిపించింది. ఆపమని అడగడానికి నోరు తెరిచాను కూడా.

అప్పుడు కూతురు నా చెయ్యి పట్టుకుని, "అమ్మకి చలి పడదు కదండీ" అని లోపలికి చూపించింది. అద్దానికి చెమ్మ పట్టి ఉంది. తుడిచి చూశాను. మోకాళ్ళ మీద నీలం స్వెటర్. మళ్ళీ చెమ్మ కమ్మింది. మళ్ళీ తుడిచి చూశాను.