లేని పిల్లి మీద ఫిర్యాదు

పెయింటర్ దోన్ లియోకాడియోకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. నోటితో పోట్లాడడం చేతకాదు. ఎవరినైనా తిట్టాలంటే కార్డు రాసి, స్టాంపు అంటించి, డబ్బాలో వేయాల్సిందే. మోయాల్సింది నేను. వల్పరైసో రేవుపట్నంలో మా కొండకి పోస్ట్‌మ్యాన్‌ని నేనే మరి.

రొట్టెల కొట్టు ఆయన కిటికీ కిందే ఉంది. అయినా రొట్టె మాడితే కార్డే. అది కొండ దిగి, పోస్టాఫీసులో ముద్ర వేయించుకుని, మళ్ళీ నా సంచిలో కొండెక్కేది.

"ఒక్క కేక వేస్తే సరిపోదుటండీ?" అన్నానోసారి.

"కేక వేస్తే కోపం అక్కడితో పోతుందయ్యా నిబాల్దో. కాగితం మీదైతే నిలవుంటుంది" అన్నాడు కుంచె తుడుచుకుంటూ.

మూడోనాడు నాకే ఒక కార్డు, సలహాలివ్వొద్దని. దాన్ని నాకు నేనే అందజేసుకున్నాను.

ఆ చలికాలంలో ఆయన పక్కింటి ఇస్మేనియాగారి భర్త పోయాడు. ఆవిడ తలుపులు బిగించుకుని కూర్చుంది. ఎవరు సూప్ తీసుకెళ్ళినా "వద్దు" అని లోపల్నించే పంపించేసేది. రెండు నెలలు గడిచాయి.

సరిగ్గా అప్పుడే దోన్ లియోకాడియో ఆవిడకి రాశాడు: "అమ్మా, తమరి పిల్లి నా బొమ్మని తొక్కింది. వచ్చి క్షమాపణ చెప్పండి."

కార్డు కదా, నేనూ చదివాను. ఒళ్ళు మండిపోయింది.

"భర్త పోయిన మనిషికి రాయాల్సిన మాటలా ఇవి?"

"నువ్వు ఇచ్చిరా."

ఆవిడ నుంచి జవాబు రాలేదు. రెండో కార్డు వెళ్ళింది, మూడోది వెళ్ళింది. ఆయన వదల్లేదు. ఏడో దాంట్లో "మీ ఆయనుంటే ఆ పిల్లి ఇలా తయారయ్యేది కాదు" అని రాశాడు. నేనివ్వనన్నాను. నా మీద పై ఆఫీసుకి రాస్తానన్నాడు. చచ్చినట్టు తలుపు కింద తోశాను.

తలుపు దడాలున తెరుచుకుంది. ఆవిడ చేతిలో చీపురు!

"నాకు పిల్లే లేదు! పిల్లులంటేనే నాకు తుమ్ములు! ఏడీ వాడు?"

మెట్లన్నీ ఒక్క ఊపులో ఎక్కేసింది. దోన్ లియోకాడియో బొమ్మ ముందు నిలబడి ఉన్నాడు. ఐదు నెలలు కష్టపడి గీసిన ఓడరేవు బొమ్మ, శాంటియాగో ప్రదర్శనకి వెళ్ళాల్సింది. దాని మీద అడ్డంగా నీలం రంగు అడుగులు.

"ఇదిగో సాక్ష్యం" అన్నాడు గొణుగుతూ.

ఆవిడ వంగి చూసింది. ఒక్కో అడుగునీ వేలు పెట్టి లెక్కపెట్టింది.

"ఏమయ్యా పెయింటరూ, పిల్లి అడుగులో నాలుగు వేళ్ళే పడతాయి. ఇదేం పిల్లి, ఐదు వేళ్ళు?"

ఆయన కుడిచెయ్యి వెనక్కి దాచుకున్నాడు. ఆవిడ పట్టి లాగింది. ఐదు వేళ్ళకీ నీలం రంగు!

ఆవిడ చీపురు వదిలేసి, అక్కడే ముక్కాలిపీట మీద కూలబడి పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి చివరికి "టీ అయినా ఇస్తావా, ఇవ్వవా?" అని అడిగింది. ఆయన తడబడిపోయి, జవాబు రాద్దామని కార్డు కోసం వెతుక్కున్నాడు.

బొమ్మ ప్రదర్శనకి వెళ్ళలేదు. ఆ అడుగుల్ని ఆయన తుడవనూ లేదు.

సోమవారం నా సంచిలో ఇస్మేనియాగారి కార్డు కనిపించింది: "అయ్యా, తమరి కోడిపుంజు తెల్లారకుండానే నా కిటికీ దగ్గర కూస్తోంది. నేను నిద్రపోవద్దా?"

ఆయన ఇంట్లో కోడి ఈక కూడా లేదు. దోన్ లియోకాడియో రెండుసార్లు చదివాడు. మొహం వెలిగిపోయింది.

"చూశావా నిబాల్దో! నా కోడిని ఎంత మాటందో! ఒక కార్డు ఇటివ్వు!"